‘సీ1 స్థాయి’ ధ్రువపత్రం ఇస్తామనే ఇంగ్లిష్ కోర్సులకు ఫీజు కట్టే ముందు

ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీలో ఇంగ్లిష్ పాఠాలు అందక తడబడే పిల్లలు మన కోనసీమలో చాలామంది ఉన్నారు. మా అమ్మాయిదీ అదే పరిస్థితి కావడంతో, అమలాపురంలోని ఒక శిక్షణ కేంద్రంలో మూడు నెలల కోర్సుకు 18,500 రూపాయలు కట్టాను. చేరిన రోజు స్థాయి పరీక్ష, వారం వారం వ్యాసాల దిద్దుబాటు, చివర ‘యూరప్ ప్రమాణాల’ ధ్రువపత్రం ఉంటాయని, ఆ పత్రం ఉంటే విదేశాల్లో పీజీ సీటుకు ఢోకా ఉండదని వారు నమ్మబలికారు.

స్థాయి పరీక్ష అంటే నలభై ఖాళీలు పూరించడమే. ఒక్క పేరా రాయించలేదు, ఒక్క మాట మాట్లాడించలేదు. కోర్సు చివర మళ్లీ అదే ప్రశ్నపత్రాన్ని, వరుసైనా మార్చకుండా చేతికిచ్చి, పెరిగిన మార్కులనే ప్రగతిగా లెక్కగట్టి, భాషా స్థాయిల్లో పైనుంచి రెండోదైన ‘సీ1’ అని ముద్ర వేసిచ్చారు. నాకు అంతకన్నా కష్టం కలిగించింది దిద్దుబాటు. మా అంబాజీపేట కొబ్బరి దింపు గురించి అమ్మాయి రాసిన వ్యాసంలో ‘పీపుల్ ఈజ్ క్లైంబింగ్’ అన్న తప్పు వాక్యం పక్కనే ఎర్ర సిరాతో టిక్కు, అడుగున ‘గుడ్’ అని ఉన్నాయి. పన్నెండు వ్యాసాలదీ అదే తంతు.

ఏ1 నుంచి సీ2 వరకు ఉన్న ఆరు మెట్లు భాష ఎంత వచ్చో చెప్పే ఒక కొలమానం మాత్రమేనని నాకు ఆలస్యంగా తెలిసింది. దాన్ని రూపొందించిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ ఆ పేరుతో ఎవరికీ ధ్రువపత్రాలు ఇవ్వదు. విదేశీ విశ్వవిద్యాలయాలు సాధారణంగా అడిగేది ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ వంటి ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్షల స్కోరు. తీరా ఐఈఎల్‌టీఎస్ రాయిస్తే మా అమ్మాయికి రైటింగ్‌లో 5.5 వచ్చింది, సీ1 అనాలంటే కనీసం 7 రావాలి. అక్కడ రైటింగ్‌లో అడిగినదానికి జవాబు చెప్పారా, ఆలోచన ఒక క్రమంలో నడిచిందా, పదజాలం ఎలా ఉంది, వ్యాకరణం ఎలా ఉంది అని నాలుగు విధాలుగా విడివిడిగా మార్కులు వేస్తారు. స్పీకింగ్‌కు పరీక్షకులతో 11 నుంచి 14 నిమిషాల ముఖాముఖి ఉంటుంది. ఇవేవీ తెలియని వారు వీటికి సిద్ధం చేస్తామంటే నమ్మడం నా తప్పే అనుకోండి.

అందుకే, ఎక్కడ చేర్చినా, పాత విద్యార్థి వ్యాసం ఒకటి దిద్దినది చూపించమని ముందే అడగండి. అది చూపలేకపోతే డబ్బు తీయకండి, ఎందుకంటే నేను వాపసు అడిగినప్పుడు రసీదు వెనుక సన్నటి అక్షరాల్లో ఉన్న ‘రుసుము తిరిగి ఇవ్వబడదు’ అన్న వాక్యం మీద వేలు పెట్టి చూపించారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, జవాబు కోసం చూస్తున్నాను.