పర్సులో పెట్టే ట్రాకర్: బిళ్ళ మేలా, కార్డు మేలా?

మా నాన్నగారు గత రెండేళ్ళలో మూడుసార్లు పర్సు పోగొట్టుకున్నారు. మొదటిసారి అది ఇంట్లోనే, ఇస్త్రీ బట్టల దొంతర కింద దొరికింది. రెండోసారి టిఫిన్ హోటల్ యజమాని దాన్ని గల్లాపెట్టెలో భద్రంగా దాచి ఉంచి, మరునాడు నాన్నగారు వెళ్ళగానే చేతిలో పెట్టాడు. మూడోసారి బస్సులో పోయినది మాత్రం తిరిగి రాలేదు. అందులో ఉన్న డబ్బు పదిహేను వందలే అయినా ఆధార్ కార్డు, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పింఛను జమ అయ్యే ఖాతా తాలూకు ఏటీఎం కార్డు ఒక్కొక్కటీ మళ్ళీ తెచ్చుకునేసరికి డెబ్బై రెండేళ్ళ మనిషి ఎన్ని మెట్లు ఎక్కి దిగారో దగ్గరుండి చూశాను. పర్సులో పెట్టే బ్లూటూత్ ట్రాకర్ కొనాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. తీరా కొనబోతే అవి రెండు ఆకారాల్లో కనిపించాయి: గుండ్రని బిళ్ళలాంటివి కొన్ని, ఏటీఎం కార్డును పోలినవి కొన్ని. రెండు రకాలనూ కొన్ని నెలలపాటు వాడి చూసిన మీదట నాకు తేలిన సంగతులను ఇక్కడ వివరిస్తాను.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ఈ ట్రాకర్లలో సిమ్ కార్డు ఉండదు, జీపీఎస్ కూడా ఉండదు. తాను ఎక్కడ ఉన్నదీ ట్రాకర్‌కు తెలియదు. అది చేసే పని ఒక్కటే: కొద్ది క్షణాలకోసారి బ్లూటూత్‌లో చిన్న సంకేతాన్ని వదులుతూ ఉంటుంది. మన ఫోన్ దగ్గరలో ఉంటే ఆ సంకేతాన్ని అందుకుని, కావాలన్నప్పుడు ట్రాకర్‌ను మోగిస్తుంది. మన ఫోన్ దూరమైతే, దారిన పోయే మరెవరి ఫోనో ఆ సంకేతాన్ని విని, తాను ఉన్న చోటును కంపెనీ సర్వర్‌కు చేరవేస్తుంది. యాపిల్, గూగుల్ పద్ధతుల్లో ఆ కబురు రహస్య లిపిలో వెళ్తుంది కాబట్టి, దాన్ని చదవగలిగేది యజమాని ఫోనే. ట్రాకర్ పక్కనుంచి వెళ్ళిన ఆ మనిషికి తన ఫోన్ ఇంత సాయం చేసిందన్న సంగతే తెలియదు.

నాన్నగారి మూడు అనుభవాలనూ దీనికి పోల్చి చూస్తే ఏ సందర్భంలో ఏది అక్కరకు వస్తుందో స్పష్టమవుతుంది. ఇంట్లో పోయినప్పుడు కావలసింది శబ్దం. టిఫిన్ హోటల్లో మరిచిపోయినప్పుడు కావలసింది, సొంత ఫోన్ ఆ ట్రాకర్‌ను చివరిసారిగా ఎక్కడ, ఎన్ని గంటలకు విన్నదో చూపే గుర్తు. బస్సులో జారిపోయినప్పుడు మాత్రం పరాయి ఫోన్ల సాయం లేనిదే ఏమీ జరగదు. మొదటి రెండు పనులనూ దాదాపు ఏ ట్రాకరైనా చేస్తుంది. అసలు తేడా మూడోదానిలో ఉంది కాబట్టి, కొనేముందు చూడవలసింది పెట్టె మీద ఉన్న పేరు కాదు, ఆ ట్రాకర్ ఏ నెట్‌వర్క్‌ను, అంటే ఎవరెవరి ఫోన్ల సాయాన్ని, నమ్ముకుని ఉన్నదన్నది.

యాపిల్ ఎయిర్‌ట్యాగ్ 2021 ఏప్రిల్‌లో వచ్చింది. దానికి ఫైండ్ మై అనే ఐఫోన్ల నెట్‌వర్క్ అండగా ఉంటుంది, దాన్ని వాడుకోవడానికి మనకూ ఐఫోన్ ఉండాలి. గూగుల్ తన నెట్‌వర్క్‌ను 2024 ఏప్రిల్‌లో అమెరికా, కెనడాలతో మొదలుపెట్టింది, 2025లో దానికి ఫైండ్ హబ్ అని పేరు మార్చింది. మన దేశంలో ఆ నెట్‌వర్క్‌తో పనిచేసే జియోట్యాగ్ గో 2024 డిసెంబరులో రూ. 1,499 ధరతో విడుదలైంది. అదే ధరకు అంతకుముందు వచ్చిన జియోట్యాగ్ ఎయిర్ యాపిల్ నెట్‌వర్క్‌తో పనిచేస్తుంది. శామ్‌సంగ్ స్మార్ట్‌ట్యాగ్2 ను గెలాక్సీ ఫోన్ ఉన్నవారే వాడుకోగలరు, దాన్ని వెదికిపెట్టేవి కూడా గెలాక్సీ పరికరాలే. 2023లో రూ. 749కి వచ్చిన మొదటి జియోట్యాగ్ కేవలం జియో సొంత వ్యవస్థ మీద ఆధారపడుతుంది. అందువల్ల ఇంట్లో వెదుక్కోవడానికీ, వదిలి వెళ్తున్నప్పుడు ఫోన్‌కు వచ్చే హెచ్చరికకూ అది మంచిదే గాని, బస్సులో పోయిన పర్సు కోసమైతే నేను దాన్ని ఎంచుకోను. అమెరికాలో ఉన్న బంధువులు టైల్ అనే ట్రాకర్‌ను తెచ్చి ఇస్తుంటారు. దానికి టైల్ యాప్ వాడేవారి ఫోన్లూ, అమెరికాలోనైతే ఇళ్ళలో ఉండే అమెజాన్ పరికరాలు సంకేతాన్ని అందుకునే సైడ్‌వాక్ సౌకర్యమూ తోడుంటాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవారికి అది సరిపోతుంది. అదే ట్రాకర్‌ను ఖమ్మం బస్టాండులో పోగొట్టుకుంటే, దాని సంకేతాన్ని అందుకోగల ఫోన్ పక్కనుంచి వెళ్ళే అవకాశం చాలా తక్కువ.

మన ఊళ్ళలో నూటికి తొంభై ఫోన్లకు పైగా ఆండ్రాయిడ్‌వే కాబట్టి గూగుల్ నెట్‌వర్క్‌దే పైచేయి కావాలని అనిపిస్తుంది. లెక్క సరైనదే గాని, ఇందులో ఒక మెలిక ఉంది. గోప్యత కోసం గూగుల్ పెట్టిన మామూలు అమరికలో ఫోన్లు రద్దీ ప్రదేశాల్లో మాత్రమే ఈ పనిలో పాల్గొంటాయి. అంటే ఒకే ట్రాకర్‌ను పలు ఫోన్లు విన్నప్పుడే దాని చోటు యజమానికి కనిపిస్తుంది. కూకట్‌పల్లిలోనో విజయవాడ బెంజ్ సర్కిల్‌లోనో ఇది అడ్డంకి కాదు. పొలం గట్టు మీదనో, సాయంత్రం ఏడు దాటాక జనం పలచబడిన పల్లె వీధిలోనో పర్సు పడిపోతే, పక్కనుంచి ఒక్క ఫోన్ వెళ్ళినా ఫలితం ఉండదు. ఫైండ్ హబ్ సెట్టింగ్స్‌లో రద్దీ ప్రదేశాలకు బదులు అన్ని ప్రదేశాలనూ ఎంచుకునే వీలుంది. దాన్ని మన ఫోన్‌లో మార్చుకున్నంత మాత్రాన చాలదు, చుట్టూ ఉన్నవారి ఫోన్లలోనూ మారితేనే ఎక్కువ ప్రయోజనం. మా ఇంట్లో ఐదు ఫోన్లకూ, ఎదురింటివారి రెండు ఫోన్లకూ, వారి అనుమతితో, నేనే కూర్చుని ఆ మార్పు చేశాను. పల్లెల్లో ఉండే పెద్దవారికి ట్రాకర్ కొనిపెట్టే పిల్లలు ఈ పని కూడా చేసి వెళ్ళాలని గట్టిగా కోరుతున్నాను.

ఏ నెట్‌వర్క్ అయినా ఫోన్లు లేని చోట మూగబోతుంది. తిరుమలలో దర్శనానికి వెళ్ళే ముందు సెల్‌ఫోన్లు అప్పగించి వెళ్ళాలి కాబట్టి, వైకుంఠం క్యూ కాంప్లెక్స్ లోపల వేలమంది ఉన్నా వినే ఫోన్లు దాదాపు ఉండవు. జనం ఎక్కువగా ఉన్నారు కదా, ట్రాకర్ పనిచేస్తుందిలే అనుకుని అక్కడ పర్సు విషయంలో ఏమరుపాటు తగదు.

ఇక నేను చేసిన పొరపాటు. మొదట కొన్న బిళ్ళను నా ఫోన్‌కు జత చేసి నాన్నగారి పర్సులో పెట్టాను. నా ఫోన్ ఒక కంపెనీది, ఆయన ఫోన్ ఇంకో కంపెనీది. పర్సు ఎక్కడుందో హైదరాబాదులో కూర్చుని నేను చూడవచ్చు కదా అన్నది నా ఆలోచన. నేను ఊరు వదిలిన మరునాడు, గుడిలో భాగవత ప్రవచనం జరుగుతుండగా ఆయన జేబులోంచి కీచుమని శబ్దం వచ్చింది. ఆ సాయంత్రమే, గుర్తు తెలియని ట్రాకర్ ఒకటి మీ వెంట ప్రయాణిస్తోందని ఆయన ఫోన్‌లో హెచ్చరిక కనిపించింది. “ఎవరో నన్ను వెంటాడుతున్నార్రా” అని ఆయన ఫోన్ చేసినప్పుడు ఆ గొంతులో విన్న కంగారు నాకు ఇంకా గుర్తుంది. ఇందులో పరికరం తప్పేమీ లేదు. ఎవరికీ తెలియకుండా మనుషుల వెంట, ముఖ్యంగా స్త్రీల వెంట, ట్రాకర్లు పంపే దుర్మార్గాన్ని అడ్డుకోవడానికి యాపిల్, గూగుల్ కలిసి ఈ హెచ్చరికలను 2024 మే నుంచి రెండు రకాల ఫోన్లకూ తెచ్చాయి. యజమాని ఫోన్‌కు దూరమై కదులుతున్న బిళ్ళ కొన్ని గంటల తర్వాత తనంతట తానే మోగడం కూడా అందుకోసమే. కాబట్టి పర్సు ఎవరి జేబులో ఉంటుందో వారి ఫోన్‌కే ట్రాకర్‌ను జత చేయాలి. దూరాన ఉన్న పిల్లలు చూడదలిస్తే, యాప్‌లో ఉండే పంచుకునే సౌకర్యం ద్వారా, పర్సు యజమానికి చెప్పి, చూడాలి.

ఇప్పుడు ఆకారం సంగతి. ఎయిర్‌ట్యాగ్ వ్యాసం దాదాపు 32 మిల్లీమీటర్లు, మందం 8 మిల్లీమీటర్లు. పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లే. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటరు కనుక, ఒక బిళ్ళను పర్సులో పెట్టడమంటే పది కార్డులను ఒకేచోట దొంతరగా పేర్చినట్టే. ఇటువంటి బిళ్ళలను కార్డులంత పలుచన చేయలేకపోవడానికి కారణం లోపల ఉండే, సీఆర్2032 అనే నాణెంలాంటి బ్యాటరీ. దాని మందమే 3.2 మిల్లీమీటర్లు, అంటే నాలుగు కార్డుల పైమాట. దాని చుట్టూ స్పీకరు, సర్క్యూటు, డొప్ప చేరాక ఎనిమిదికి చేరుతుంది. నాన్నగారిది రెండు మడతల తోలు పర్సు. బిళ్ళను చిల్లర అరలో పెట్టిన మూడు వారాలకే ఆ అర మీద తోలు గుండ్రంగా ఉబ్బి, అంచు వెంబడి రంగు వెలిసి, మూల దగ్గర నాలుగు కుట్లు విడిపోయాయి. ఆయన వెనుక జేబులో పెట్టుకుని కుర్చీలో కూర్చుంటే ఒకవైపు ఒరిగినట్టుగా ఉండేది. చివరకు ఒకరోజు ఆయన బిళ్ళను తీసి దేవుడి గూట్లో పెట్టేశారు. పర్సు బయటికి వెళ్ళింది, ట్రాకర్ ఇంట్లో ఉంది. బరువుగానో ఎత్తుగానో ఉన్న వస్తువును మనిషి ఎప్పుడో ఒకప్పుడు పక్కన పెడతాడని నాకు అప్పుడు అర్థమైంది.

కార్డు ఆకారపు ట్రాకర్లలో ఈ బాధ లేదు. చిపోలో కార్డ్ స్పాట్ మందం 2.4 మిల్లీమీటర్లు, టైల్ స్లిమ్ 2.5 మిల్లీమీటర్లు, అంటే మూడు ఏటీఎం కార్డులంత. ఈ కొలతలకు దగ్గరగా వేరే కంపెనీల కార్డులు కూడా రెండు నెట్‌వర్క్‌లకూ దొరుకుతున్నాయి. నాన్నగారి పర్సులో ఇప్పుడున్నది అలాంటిదే. అయితే కార్డుకు లోపాలు లేకపోలేదు. పలుచని డొప్పలో ఇమిడే స్పీకరు చిన్నది కాబట్టి, తోలు మడతల నడుమ దాని చప్పుడు అణగిపోతుంది. పక్క గదిలో టీవీ మోగుతుంటే వినబడదు. ఎయిర్‌ట్యాగ్, స్మార్ట్‌ట్యాగ్2 వంటి కొన్ని బిళ్ళలు తగిన ఫోన్ ఉంటే ఎటువైపు ఎన్ని అడుగుల్లో ఉన్నదీ బాణం గుర్తుతో చూపుతాయి. ఇందుకు ఐఫోన్లలోనైతే 11 గానీ ఆ తర్వాతి చాలా నమూనాల్లో ఒకటి గానీ కావాలి. నేను చూసిన కార్డుల్లో ఆ సౌకర్యం లేదు. దొంగతనం నుంచి కార్డులను కాపాడుతుందని లోహపు పొరతో అమ్మే పర్సుల్లోనూ, అల్యూమినియం కార్డు పెట్టెల్లోనూ పెడితే బ్లూటూత్ సంకేతం బాగా బలహీనపడుతుంది. అటువంటి పర్సు ఉన్నవారు ట్రాకర్‌ను పొర లేని బయటి అరలో ఉంచాలి. వెనుక జేబులో పెట్టుకుని కూర్చుంటే పలుచని కార్డు వంగి చెడిపోయే ప్రమాదం కూడా ఉంది. నాన్నగారు మా పోరు పడలేక ఇప్పుడు ముందు జేబుకు అలవాటు పడ్డారు.

బ్యాటరీ దగ్గర బిళ్ళదే మెరుగు. సీఆర్2032 వాచీల దుకాణంలో దొరుకుతుంది, ఏడాదికోసారి మనమే మార్చుకోవచ్చు. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా కొన్ని కంపెనీలు ఈ బ్యాటరీలకు చేదు పూత పూస్తాయి. ఆ పూత ఉన్నవి కొన్ని ఎయిర్‌ట్యాగ్‌లో సరిగా పనిచేయకపోవచ్చని యాపిలే చెబుతోంది. పూత ఉన్నా లేకపోయినా, చంటిపిల్లలున్న ఇంట్లో పాత బ్యాటరీని బల్ల మీద వదలకూడదు. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయేంత హాని చేస్తుంది. కార్డుల్లో చాలావాటికి బ్యాటరీ మార్చే వీలే లేదు. రెండేళ్ళో మూడేళ్ళో పనిచేశాక మొత్తం పారేయాలి. వైర్‌లెస్ ఛార్జర్ మీద పెట్టి ఛార్జ్ చేసుకునే కార్డులు ఉన్నాయి గాని, కొన్ని నెలలకోసారి గుర్తుపెట్టుకుని ఆ పని చేయడం పర్సే మరిచిపోయే మనిషికి కుదిరేది కాదు.

జేబుదొంగ చేతిలో పడ్డ పర్సుకు ఏ ట్రాకరూ పెద్దగా పనికిరాదు. మనుషుల రక్షణకై పెట్టిన ఆ హెచ్చరికే దొంగ ఫోన్‌కు కూడా వెళ్తుంది. అతడు ట్రాకర్‌ను తీసి పారేస్తాడు. పటంలో గుర్తు కనిపించింది కదా అని తెలియని ఇంటికి ఒంటరిగా వెళ్ళకూడదు, పోలీసులకు చూపించాలి. పర్సు పోయిందని తెలియగానే మొదట బ్యాంకుకు ఫోన్ చేసి కార్డులు ఆపించి, ఆ తర్వాతే ట్రాకర్ యాప్ తెరవాలి.

మగవారి జేబు పర్సుకు కార్డునే కొనమని నా సలహా. ఐఫోన్ ఉంటే యాపిల్ ఫైండ్ మైతో పనిచేస్తుందనీ, ఆండ్రాయిడ్ ఉంటే గూగుల్ ఫైండ్ హబ్‌తో పనిచేస్తుందనీ పెట్టె మీద రాసి ఉన్నదాన్నే తీసుకోవాలి. మూడు వందలకు దొరికే ట్రాకర్ల మీద ఆ మాట లేకపోతే అవి ఇల్లు దాటాక ఎందుకూ కొరగావు. ఆడవారి హ్యాండ్‌బ్యాగుకైతే బిళ్ళే మేలు. అక్కడ మందం ఇబ్బంది కాదు, శబ్దం గట్టిగా వినిపిస్తుంది, బ్యాటరీ మార్చుకోవచ్చు. అమ్మ బ్యాగులో నేను బిళ్ళనే ఉంచాను. గెలాక్సీ ఫోన్ ఉన్నవారు బ్యాగుకు స్మార్ట్‌ట్యాగ్2 ను నిస్సంకోచంగా తీసుకోవచ్చు గాని, ఐదు సెంటీమీటర్లకు పైగా పొడవున్న దాన్ని జేబు పర్సులో పెట్టాలని చూడవద్దు. కార్డు కొన్నవారు మాత్రం చెరగని మార్కరుతో దాని మీద కొన్న నెల, సంవత్సరం రాసి పెట్టుకోవాలి. లోపలి బ్యాటరీ అయిపోవచ్చిందన్న హెచ్చరికను నాన్నగారు ఫోన్‌లో చూస్తారని నాకు నమ్మకం లేదు. ఏటీఎం కార్డు తీసినప్పుడల్లా ఆ తేదీ మాత్రం ఆయన కంటబడుతుంది.