డాబాగార్డెన్స్‌లో చేయించుకున్న ఇన్‌సోల్స్ ఎలా ఉన్నాయంటే

బట్టల షాపులో రోజంతా నిలబడే ఉద్యోగం నాది. సాయంత్రానికి నడుము పట్టేసేది. విశాఖ డాబాగార్డెన్స్‌లో ఇన్‌సోల్స్ (షూ లోపల పాదం కింద పెట్టుకునే పొరలు) చేసే ఆయన ముందు నా పాత చెప్పులు తిరగేసి చూశారు. రెండింటికీ మడమ దగ్గర లోపలి అంచే అరిగిపోయింది. తడి కాళ్లతో కాగితం మీద నిలబడమన్నారు. అచ్చులో మధ్య ఖాళీయే లేదు, అంటే అరికాలి వంపు కుంగిపోయిందన్నమాట. పాదంలోని 26 ఎముకలు కట్టిన వంపు కుంగితే మోకాలు లోపలికి తిరుగుతుందని, తుంటి కూడా వంగి భారం నడుము మీద పడొచ్చని నా కాలు పట్టుకుని చూపించారు. నడుంనొప్పులన్నీ దీనివల్లే రావని కూడా చెప్పారు, అది నాకు బాగా నచ్చింది. ఇన్‌సోల్స్ వేసుకున్న మొదట్లో అరికాలు నొక్కినట్టుంటుంది, కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవాలి. ఇప్పుడు ఆర్కే బీచ్‌లో నడక హాయిగా ఉంది. మామూలు చెప్పుల్లో పట్టవు, షూ కొనాల్సిందే. కాళ్లు తిమ్మిరెక్కుతుంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించుకోండి.