వలస పరిశోధన సంస్థకు డైరెక్టర్ కావాలి: సెర్చ్ కన్సల్టెన్సీకి ఇచ్చే డబ్బు గిట్టుబాటేనా?

సీనియర్ ప్రొఫెసర్లు ప్రకటన చూసి దరఖాస్తు పెట్టడం అరుదు. ఉన్నచోట స్థిరమైన ఉద్యోగం, నడుస్తున్న గ్రాంట్లు, థీసిస్ మధ్యలో ఉన్న విద్యార్థులు. వాళ్లను వెతికి, కదిలించేందుకే సెర్చ్ కన్సల్టెన్సీలు, అంటే పెద్ద పదవులకు మనుషులను వెతికిపెట్టే సంస్థలు. రుసుము సాధారణంగా మొదటి ఏడాది జీతంలో మూడో వంతు దాకా ఉంటుంది. మూడు విడతల్లో కట్టాలి: ఒప్పందం రోజున, షార్ట్‌లిస్ట్ చేతికొచ్చాక, నియామకం ఖరారయ్యాక.

ఈ డబ్బుకు గోప్యత మాత్రం నిజంగా దక్కుతుంది. మొదటి ఫోన్ మధ్యవర్తి నుంచి వస్తే అభ్యర్థి తన షరతులు దాచకుండా చెబుతారు, ఇష్టం లేకపోతే మొహమాటం లేకుండా తప్పుకుంటారు. ఇంటర్వ్యూల ఏర్పాట్లలోనూ వంక పెట్టలేం.

కన్సల్టెన్సీలు బలహీనపడేది విషయ పరిజ్ఞానం దగ్గరే. వలస అధ్యయనం ఒక్క శాఖ సొత్తు కాదు. జనాభాశాస్త్రం, ఆర్థికశాస్త్రం, న్యాయం, భూగోళం, మానవశాస్త్రం అన్నీ ఇందులో ఉన్నాయి. ఆర్థికవేత్తలు జర్నల్ వ్యాసాలు రాస్తారు, మానవశాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి క్షేత్రంలో ఉండి పుస్తకం తెస్తారు. సైటేషన్ల (ఇతరుల వ్యాసాల్లో వచ్చిన ఉల్లేఖనల) లెక్కతో వడపోస్తే రెండో రకం వాళ్లు మొదటి వడపోతలోనే పోతారు. అందుకని లాంగ్‌లిస్ట్‌ను, అంటే తొలి పొడవాటి జాబితాను, పూర్తిగా కన్సల్టెన్సీకే వదలొద్దు. వలస పరిశోధకుల యూరోపియన్ నెట్‌వర్క్ ఇమిస్కో (IMISCOE) వార్షిక సదస్సుల కార్యక్రమ పట్టికలు మూడు నాలుగేళ్లవి తిరగేసి, ప్యానెళ్లు ఎవరు నడుపుతున్నారో ఎంపిక కమిటీయే రాసుకోవాలి. షార్ట్‌లిస్ట్‌లో ఉన్న ఒక్కొక్కరివి కనీసం మూడు రచనలు సభ్యులే చదవాలి. ఈ పని ఎంత పెద్ద కన్సల్టెన్సీ కూడా చేసిపెట్టలేదు.

బేరం చెడేది చాలాసార్లు జీతం దగ్గర కాదు. డైరెక్టర్ గడువు ఐదేళ్లయితే, ఆ తర్వాత ప్రొఫెసర్ పదవి ఉంటుందా? బోధన గంటలు ఎన్ని తగ్గుతాయి? బడ్జెట్‌పై సంతకం ఎవరిది? గ్రాంట్ల సంగతీ ఇంతే. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ (ఈఆర్‌సీ) గ్రాంటును పరిశోధకులు వెంట తెచ్చుకోవచ్చు, కానీ కొత్త సంస్థ ఈయూ సభ్యదేశంలోనో, ఆ పరిశోధన కార్యక్రమానికి అనుబంధంగా ఉన్న దేశంలోనో ఉండాలి. జాతీయ నిధులకు ఆ వెసులుబాటు ఉంటుందనుకోకూడదు. శరణార్థుల ఇంటర్వ్యూల డేటా మరీ సున్నితం. సమ్మతి పత్రాలు పాత విశ్వవిద్యాలయం పేరు మీద ఉంటే డేటా బదిలీ ఒప్పందం, కొత్తగా ఎథిక్స్ అనుమతి కావలసి రావచ్చు. వీటిని ఆఫర్ తర్వాతికి వాయిదా వేస్తే నెలలు జారిపోతాయి, మనిషి కూడా చేజారవచ్చు. ఈ వివరాలను షార్ట్‌లిస్ట్ దశలోనే ప్రతి అభ్యర్థి నుంచీ లిఖితపూర్వకంగా తెప్పించాలని కన్సల్టెన్సీతో ఒప్పందంలో పెట్టండి.

రిఫరెన్సులు అభ్యర్థి ఇచ్చిన పేర్లతో ఆగితే పొగడ్తలే వస్తాయి. అభ్యర్థి అనుమతితో వారి దగ్గర పనిచేసిన పాత పోస్ట్‌డాక్‌లనూ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధకులనూ), కార్యాలయ సిబ్బందినీ అడిగించండి. ఒక బృందాన్ని నడపగలరో లేదో తెలిసేది అక్కడే.

వచ్చినవారు ఏడాదిలోపు వెళ్లిపోతే ఉచితంగా మళ్లీ వెతికిపెడతామనే హామీ చాలా ఒప్పందాల్లో ఉంటుంది. నోటీసు కాలం, వీసా, కుటుంబం తరలింపు కలిస్తే సంతకానికీ చేరికకూ మధ్య చాలా నెలలు పడుతుంది కాబట్టి, ఆ ఏడాదిని చేరిన రోజు నుంచి లెక్కించాలని స్పష్టంగా రాయించుకోండి.