పూరీలో ‘చిలికా పక్షుల టూర్’కి డబ్బు కట్టేముందు ఒక్క నిమిషం

పూరీ దర్శనానికి వెళ్తూ పన్లో పని చిలికా సరస్సులో వలస పక్షులు కూడా చూసొద్దాం అనుకునేవాళ్లు ముందు ఇది చదవండి. మాకు ‘పక్షులు, డాల్ఫిన్లు, గైడ్‌తో సహా’ అని అమ్మింది నిజానికి సరస్సు ఒడ్డున సాతపడా రేవు నుంచి తిప్పే మామూలు బోటు షికారు. అదే షికారుకి పక్షుల పేరు తగిలించి ఎక్కువ గుంజారు.

జనవరిలో మేమూ మా అక్కావాళ్లూ కలిసి వెళ్లాం. బుకింగ్ కౌంటర్‌లో ఉన్నాయన చక్కటి తెలుగు మాట్లాడాడు, మనవాళ్లు అంతమంది వస్తుంటే రాకేం చేస్తుంది. పక్షులు వాలే దీవి నలబణ చూపిస్తారా అని బావగారు ఒకటికి రెండుసార్లు అడిగారు. “అన్నీ కవర్ అవుతాయి సార్, గైడ్ ఉంటాడు, బైనాక్యులర్స్ బోటులోనే ఇస్తారు” అన్నాడు. చేతిలో పెట్టిన రసీదు మీద మాత్రం ‘చిలికా టూర్’ అన్న రెండు ముక్కలే ఉన్నాయి.

పక్షుల కోసం వెళ్లేవాళ్లు తెల్లవారేసరికి నీళ్ల మీద ఉండాలి. మా బస్సు టిఫిన్లయ్యాక కదిలి, బ్రహ్మగిరిలో అలరనాథుడి గుడి దగ్గర ఆగి, సాతపడా చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. అక్కడ డబడబమని చెవులు పగిలిపోయే ఇంజను బోటు. గైడ్ ఏడీ అంటే బోటు నడిపే కుర్రాడే గైడ్ అట. పాపం అతన్నేం అనను, అతనికి పక్షుల ట్రిప్పు అని ఎవరూ చెప్పినట్టే లేదు. బైనాక్యులర్స్ అడిగితే మా మొహాలు చూశాడు. నలబణ అంటే “దూర్, బహుత్ దూర్” అని చెయ్యి ఊపాడు.

అతను చెప్పింది నిజమే. చిలికా మన ఊరి చెరువు కాదు, వానాకాలంలో వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటి పరుచుకునే ఉప్పునీటి సరస్సు. సాతపడా సముద్రముఖం వైపు ఒక మూలన ఉంటుంది. నలబణ దీవేమో సరస్సు మధ్యలో ఉంది, 1987లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు, వానాకాలంలో మునిగిపోయి చలికాలానికి బురదతో గడ్డితో బయటపడుతుంది, అందుకే పక్షులు అక్కడ వాలతాయి. అక్కడికి బర్‌కుల్, బాలుగావ్ రేవుల నుంచి వెళ్లడం దగ్గర, అది కూడా అటవీశాఖ నిబంధనలకు లోబడి. పొద్దెక్కాక సాతపడా నుంచి రెండు మూడు గంటల బోటులో ‘అన్నీ కవర్’ చేయడం జరిగే పని కాదు, ఆ సంగతి అమ్మినాయనకి మనకంటే బాగా తెలుసు.

ఇక మాకు చూపించినవి చెబుతాను. ఇరావడి డాల్ఫిన్ల కోసం ఐదారు బోట్లు ఒకేచోట గుమిగూడి, ఎక్కడ వీపు తేలితే అక్కడికి ఇంజను ఆపకుండా ఉరకడం. అవి పొడవాటి మూతి లేని గుండ్రటి తలల డాల్ఫిన్లు, కౌంటర్ బోర్డు మీద గాల్లోకి ఎగిరే బొమ్మలకీ వీటికీ సంబంధం లేదు. చిలికాలో ఉన్నవే నూట యాభై అటూ ఇటూ, వాటిని ఇలా తరమడం చూస్తే కడుపు తరుక్కుపోయింది. తర్వాత ఒక ఇసుక దిబ్బ దగ్గర దింపారు. ఒకాయన బకెట్లో గుల్లలు పెట్టుకుని కూర్చున్నాడు, ఒకటి పగలగొడితే ముత్యం, ఇంకోటి పగలగొడితే ఎర్ర రాయి, అది పగడమట! పగడం గుల్లలోంచి ఎలా వస్తుంది స్వామీ? పక్క బోటులో వచ్చిన పెద్దావిడ మూడు కొనేసింది, ఎంతిచ్చిందో చెప్పలేదు. ముత్యాలు కావాలంటే హైదరాబాద్‌లో బిల్లుతో కొనుక్కోండి.

పక్షులా? వలల కర్రల మీద నీటికాకులు, దూరంగా నాలుగు కొంగలు, బోటు చప్పుడుకి లేచిపోయిన ఒక గుంపు, అవి బాతులో ఏమిటో చెప్పే నాథుడు లేడు. కొంగలు చూడ్డానికైతే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వానాకాలంలో రోడ్డు మీద నిలబడితే చాలు, చెట్ల నిండా నత్తగుల్ల కొంగల గూళ్లే, పైసా ఖర్చు లేదు.

లైఫ్ జాకెట్ల సంగతి వేరే చెప్పాలి. బోటులో సగం మందికే ఉన్నాయి, ఉన్నవాటికి క్లిప్పులు లేవు. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఏం జరిగిందో తెలిసినవాళ్లం, పిల్లలకి సరైనవి ఇచ్చేదాకా బోటు కదలనివ్వలేదు. వెనకాలవాళ్లు విసుక్కున్నారు, విసుక్కోనీ.

తిరిగొచ్చి కౌంటర్‌లో నిలదీస్తే “అదీ చిలికాయే కదా సార్” అని నవ్వాడు. రసీదులో పక్షి అన్న మాటే లేదు కాబట్టి డబ్బు వెనక్కి రాలేదు.

నిజంగా పక్షుల కోసమే అయితే పూరీలో కొనకండి. చిలికా ఉత్తరపు ఒడ్డున, టాంగి దగ్గర మంగళాజోడి అనే ఊరుంది, భువనేశ్వర్ నుంచి 70 కిలోమీటర్లు ఉంటుంది. ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్మిన ఊరు, ఆ వేటగాళ్లలో చాలామంది ఇప్పుడు కాపలాదారులు, గైడ్లు. అక్కడ ఇంజను ఉండదు, గెడ వేసి తోసే నాటు పడవలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాడ్‌విట్లు, సూదితోక బాతులు, చక్రవాకాలు పడవకి దగ్గర్లోనే మేస్తూ కనిపిస్తాయి. మేం పూరీ నుంచి కారు మాట్లాడుకుని చీకటితోనే బయల్దేరి వెళ్లొచ్చాం కాబట్టి తేడా తెలిసింది. అక్కడ కూడా పక్షుల్ని లేపి ఫోటో తీయిస్తానని ఎవరైనా అంటే వద్దని చెప్పండి, తిండి మానేసి ఎగరడం వాటికి నష్టం.

ఎక్కడ బుక్ చేసినా ఇవి అడగండి: ఏ ఊరి రేవు నుంచి, ఎన్ని గంటలకి, ఇంజనా గెడా, గైడ్ వేరే మనిషా పడవ నడిపేవాడేనా. సాతపడా అంటే అది డాల్ఫిన్ల ట్రిప్పే అనుకోండి, ఆ రేటే ఇవ్వండి. జవాబులు రసీదు మీద రాయించుకోండి. రాయను అన్నాడంటే పక్క కౌంటర్‌కి కూడా వెళ్లకండి, మాకు అమ్మినాయనా పక్క కౌంటర్ ఆయనా ఎక్కించింది ఒకే బస్సు.