దాడికి దూరం: టేపును నమ్మాలా, పాచికలనా?

బల్లపై బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడల్లో ఒకటైన 1998 నాటి వార్‌హామర్ ఏన్షెంట్ బ్యాటిల్స్‌లో లెక్క ముందే తేలిపోతుంది. మామూలు కాలిబలం 4 అంగుళాలు నడుస్తుంది, దాడికి దిగితే 8. అయితే దాడి ప్రకటించాకే టేపు తీయాలి. కంటి అంచనా అరంగుళం తప్పినా దళం దారి మధ్యలో నిలిచిపోయి శత్రువుకు ఎర అవుతుంది. దూరాలు కొలవడంలో ఆరితేరిన వడ్రంగి ఇక్కడ సేనాపతిని మించిపోతాడు!

2011లో వచ్చిన అలాంటి మరో ఆట హెయిల్ సీజర్‌లో పరీక్ష కంటికి కాదు, ఆజ్ఞకు. ఏం చేయాలో ముందు పైకి చెప్పి, రెండు పాచికలు వేయాలి. నాయకుడి స్థాయి 8 అనుకుంటే, 9 లేదా అంతకు మించి పడితే దళం సాధారణంగా కదలదు. 5 లేదా అంతకంటే తక్కువ పడితే ఏకంగా మూడు కదలికలు, అంటే కాలిబలానికి 18 అంగుళాలు. ఈ రెండింటికీ అవకాశం సమానం: 36లో 10.

నా ఓటు రెండోదానికే. కబురు అందక నిలిచిపోయిన సైన్యాలు చరిత్రలో కోకొల్లలు. టోర్నమెంటులో మాత్రం పాచికల చేతిలో ఓడితే ఒళ్లు మండుతుంది. అక్కడ టేపే మేలు.