అరుదైన ఆస్పత్రి బ్యాక్టీరియాకు ఎంఐసీ స్ట్రిప్: దేనికి నమ్మవచ్చు, దేనికి నమ్మకూడదు

స్టెనోట్రోఫోమోనాస్ మాల్టోఫిలియా, ఎలిజబెత్‌కింజియా వంటి బ్యాక్టీరియా ఐసీయూ రోగి రక్తంలో పెరిగినప్పుడు, ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తేల్చే ఆటోమేటిక్ యంత్రాల కార్డులు పెద్దగా సాయపడవు. ఈ జీవులకు వాటిలో ధ్రువీకరించిన మందులు బహు తక్కువ. అందుకే చాలా ల్యాబ్‌లు ఎంఐసీని, అంటే బ్యాక్టీరియా పెరుగుదలను ఆపగల అతి తక్కువ మందు సాంద్రతను, కొలిచే గ్రేడియెంట్ స్ట్రిప్‌లను ఆశ్రయిస్తాయి. రోజూ వీటితో పనిచేసే మైక్రోబయాలజిస్టుగా చెబుతున్నాను: ఇది మంచి సాధనమే, కానీ ప్రతి మందుకూ కాదు, ప్రతి జీవికీ కాదు.

స్ట్రిప్ మీద ఒక కొసన ఎక్కువగా, రెండో కొసకు వెళ్లేకొద్దీ తక్కువగా మందు పూసి ఉంటుంది. 0.5 మెక్‌ఫర్లాండ్ (ద్రవం మసకదనాన్ని బట్టి బ్యాక్టీరియా ఎంత ఉందో చెప్పే కొలమానం) సాంద్రతతో కల్చర్ పరిచిన ముల్లర్ హింటన్ అగార్ అనే పోషక పదార్థం మీద దాన్ని పెడితే, బ్యాక్టీరియా పెరగని దీర్ఘవృత్తాకారపు జోన్ స్ట్రిప్‌ను తాకే చోట ఎంఐసీ కనిపిస్తుంది. స్టెనోట్రోఫోమోనాస్ విషయంలో అసలు నైపుణ్యమంతా ఆ అంచును చదవడంలోనే ఉంది. కోట్రైమోక్సజోల్ స్ట్రిప్ దగ్గర జోన్ లోపల పలుచని పొరలాంటి పెరుగుదల మిగులుతుంది; దాన్ని లెక్కలోకి తీసుకుంటే పనిచేసే మందును పనిచేయదని రాసేస్తాం. పెరుగుదల 80 శాతం తగ్గిన చోటునే చదవాలి. ఈ జీవికి 16 గంటలు చాలవు, 20 నుంచి 24 గంటలు ఆగాలి. రిపోర్టు కోసం వార్డు నుంచి ఎన్ని ఫోన్లు వచ్చినా ఈ నియమం సడలించకూడదని నా గట్టి అభిప్రాయం. మెరోపెనెమ్ స్ట్రిప్ మాత్రం పెట్టనే వద్దు. మెరోపెనెమ్‌ను విరిచేసే ఎల్1 అనే ఎంజైమ్ (మెటలో బీటా లాక్టమేజ్) ఈ జీవికి పుట్టుకతోనే ఉంటుంది కనుక, అక్కడ వచ్చే ఏ చిన్న అంకె అయినా వైద్యుడిని తప్పుదారి పట్టిస్తుంది.

స్ట్రిప్ ఇచ్చేది అంకెను మాత్రమే, తీర్పును కాదు. మినోసైక్లిన్ విషయం చూడండి: స్టెనోట్రోఫోమోనాస్‌కు మిల్లీలీటరుకు 4 మైక్రోగ్రాముల ఎంఐసీని సీఎల్‌ఎస్‌ఐ (ల్యాబ్ పరీక్షల ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ) పూర్వం సెన్సిటివ్‌గా, అంటే మందుకు లొంగేదిగా లెక్కించేది, 2024లో ఆ హద్దును 1కి దించడంతో అదే అంకె ఇప్పుడు రెసిస్టెంట్ (మందుకు లొంగనిది) అయింది. పాత పట్టిక గోడకు అంటించుకున్న ల్యాబ్ ఎంత ఖరీదైన స్ట్రిప్ వాడినా రిపోర్టు తప్పుతుంది. ఎలిజబెత్‌కింజియాకైతే సీఎల్‌ఎస్‌ఐలో ప్రత్యేక హద్దులే లేవు. ఇతర నాన్ ఫెర్మెంటర్ల (చక్కెరను పులియబెట్టని బ్యాక్టీరియా) హద్దులను అరువు తెచ్చుకుంటున్నాం. ఆ సంగతిని రిపోర్టులో ఒక్క వాక్యంలో రాయడం రోగి పట్ల మన బాధ్యత. అయినా ఈ జీవికి డిస్క్ (మందు అద్దిన కాగితపు బిళ్ల) కన్నా ఎంఐసీ కొలతే మేలు. ముఖ్యంగా వాంకోమైసిన్ డిస్క్ జోన్‌కూ ఎంఐసీకీ పొంతన కుదరదు.

కొలిస్టిన్ స్ట్రిప్‌ను మాత్రం ఎవరికీ సిఫారసు చేయను. ఆ అణువు పెద్దది, అగార్‌లో సరిగా వ్యాపించదు. ఫలితంగా నిజానికి రెసిస్టెంట్ అయిన జీవి సెన్సిటివ్‌గా కనిపించే ప్రమాదం ఉంది. సీఎల్‌ఎస్‌ఐ, ఐరోపాలో అదే పని చేసే యూకాస్ట్ ఉమ్మడి బృందం 2016లోనే దీనికి బ్రాత్ మైక్రోడైల్యూషన్‌ను (ద్రవంలో మందును అంచెలంచెలుగా పలుచన చేసి చూడటం) ప్రామాణిక పద్ధతిగా నిర్ణయించింది.

కొనేవారు ఒక్కొక్క స్ట్రిప్ విడివిడిగా సీలు చేసిన ప్యాకింగ్‌నే ఎంచుకోవడం మంచిది. అరుదైన జీవులకు స్ట్రిప్‌ల వాడకం తక్కువ, తెరిచిన డబ్బాలో తేమ చేరితే మందు బలం తగ్గుతుంది. కొత్త లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) వచ్చినప్పుడల్లా నాణ్యత తనిఖీకి వాడే ప్రామాణిక బ్యాక్టీరియా ఈ.కోలై ఏటీసీసీ 25922, సూడోమోనాస్ ఏటీసీసీ 27853లలో ఆ మందుకు తగిన దానితో సరిచూసి, ఫలితం హద్దుల్లో ఉంటేనే రోగి నమూనాకు వాడాలి.