సీసపు అక్షరమా, పాలిమర్ ప్లేటా? ట్రెడిల్ మీద తెలుగు పుస్తకానికి ఏది మేలు

చెన్నై ట్రిప్లికేన్‌లో మా ప్రెస్సు అంటే ఒక గది, ఒక పాత ట్రెడిల్ (కాలితో తొక్కే అచ్చుయంత్రం), గోడ పొడుగునా టైపు కేసులు, అంటే సీసపు అక్షరాలు గళ్లలో సర్దుకునే అరలు. కవితల పుస్తకాలు వేస్తాం, నూట యాభై కాపీలు మించకుండా. ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్లు ముందు అడిగేది ఒకటే: అక్షరాలు పేర్చాలా, కంప్యూటర్‌లో కొట్టి పేజీ అంతా ఒకే ప్లాస్టిక్ పలకగా, అంటే పాలిమర్ ప్లేటుగా చేయించుకోవాలా? రెండూ చేశాను కాబట్టి జవాబు ముందే చెప్పేస్తా. తెలుగైతే లోపలి పేజీలకు ప్లేటే.

వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు 1854లో తెలుగు పుస్తకాల ప్రెస్సు పెట్టిన ఊరిది. అది తలుచుకుంటే మనసు సీసం వైపే లాగుతుంది, కాదనను. కానీ ఒత్తులున్నాయే, వాటితోనే చిక్కు. ఇంగ్లీషు అక్షరాలు రెండు కేసుల్లో సర్దుకుంటాయి. అప్పర్‌కేస్, లోయర్‌కేస్ అన్న పేర్లు అలా వచ్చినవే. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు కలిపి వందల రకాల సీసపు అక్షరాలు కావాలి. ఆఫ్‌సెట్, కంప్యూటర్‌లో పేజీలు కట్టే డీటీపీ వచ్చాక చాలా ప్రెస్సులు టైపును కిలోల లెక్కన పాతసామాన్లకు వేసేశాయి. ఇప్పుడు మన చేతికొచ్చేవి అలా మిగిలిన కేసులే, అందులో సగం గళ్లు ఖాళీ.

మొన్నటి పుస్తకంలో ఒక పేజీ నిండా నీళ్ళు, కళ్ళు, ఇళ్ళు. మా దగ్గర కంపోజింగ్ చేసే పెద్దాయన స్టిక్ (అక్షరాలు వరసగా పేర్చే చిన్న పట్టీ) చేతిలో పట్టుకునే, "బాబూ, ళ ఒత్తు అయిపోయింది. కవిగారికి ఫోన్ చేసి రెండు చోట్ల 'నీరు' అనమనండి" అన్నారు. తమాషాకు కాదు, నిజంగానే. కవిగారు ససేమిరా అన్నారు. చివరికి ల ఒత్తుతో 'నీళ్లు' అని పెట్టడానికి దిగొచ్చారు. ఆ పుస్తకంలో ఆ ఒక్క పేజీలో 'నీళ్లు', మిగతా అంతా 'నీళ్ళు'. ఇప్పటిదాకా ఎవరూ పట్టుకోలేదు, నాకు మాత్రం ఆ పేజీ తిప్పినప్పుడల్లా టెన్షన్.

ప్లేటుతో ఈ గొడవ లేదు. పేజీకి నెగెటివ్ (అక్షరాలున్న చోటే వెలుతురు దాటనిచ్చే ఫిల్మ్) తీసి, ప్లేటు మీద పెట్టి అల్ట్రావయొలెట్ వెలుతురు చూపిస్తారు. వెలుతురు పడ్డచోట గట్టిపడుతుంది, మిగతాది నీళ్లతో కడిగితే పోతుంది. దాన్ని దిమ్మ మీద అతికించి, టైపు ఎత్తుకు, అంటే 0.918 అంగుళానికి, సరిగ్గా తేవాలి. కాగితమంత మందం తేడా వచ్చినా అక్షరం ఒకచోట దట్టంగా, ఒకచోట పాలిపోయి పడుతుంది. ఫాంటు చూసుకుని ఎంచుకోవాలి. సన్నగీతలది తీసుకుంటే కడగడంలోనే విరుగుతాయి; చిన్న సైజులో ఒత్తుల బొక్కలు ఇంకుతో పూడుకుపోతాయి.

ప్లేటుతో అసలు నష్టం తప్పు దొరికినప్పుడు తెలుస్తుంది. సీసంలో అయితే ఫారం, అంటే అక్షరాలు బిగించిన చట్రం, వదులు చేసి, ఆ ఒక్క అక్షరం లాగి, ఇంకోటి దూర్చి, మళ్లీ బిగిస్తే సరి. ప్లేటులో కామా మారాలన్నా కొత్త ప్లేటే. ఒకసారి ప్రూఫులో మేమంతా చూసి వదిలేసిన దీర్ఘం ట్రెడిల్ ఎక్కాక కనబడింది. మళ్లీ ప్లేటు వచ్చేసరికి వారం పట్టింది. పైగా సీసం పని అయ్యాక తిరిగి కేసుల్లోకి వెళ్లి ఇంకో పుస్తకానికి పనికొస్తుంది. ప్లేటు ఆ పేజీకే. మళ్లీ ముద్రణ వస్తుందనుకుంటే మాత్రం దాచుకోవచ్చు.

నొక్కు సంగతి. ఇప్పుడు కొనేవాళ్లు తడిమితే గుంట తగలాలంటారు. పాత ప్రెస్సువాళ్లకు పేజీ వెనక ఉబ్బు కనబడితే అది పనితనం లోపం. సీసం మెత్తన, గట్టిగా నొక్కితే అక్షరం ముఖం అరిగిపోతుంది. గుంట కావాలంటే ప్లేటు తట్టుకుంటుంది.

రంగుల బొమ్మలుంటే ఈ రెండూ వదిలేయండి. ఈ ఊళ్లోనే తారా బుక్స్ వాళ్లు చేత్తో స్క్రీన్ ప్రింటింగ్ చేసిన పుస్తకాలతో పేరు తెచ్చుకున్నారు, అదే దారి.

ఇప్పుడు మేం చేసేది: లోపలి పేజీలు ప్లేటు మీద, పేరు పేజీ, చివరి వివరాల పేజీ పెద్దాయన చేత్తో పేర్చిన సీసంలో. మీరు కేసులు కొనడానికి వెళ్తే మొత్తం బరువెంతని అడక్కండి. ముందు ళ ఒత్తు గడి చూడండి.